వైజాగ్‌లో లావెండర్ కొనేవాళ్లు జాగ్రత్త: మొక్క, గింజలు, నూనె

చలికాలం మొదలవగానే మన ఊళ్లో మొక్కల బళ్ల మీద, ఆన్‌లైన్‌లో "లావెండర్" పేరుతో ఊదా పూల మొక్కలు దిగుతాయి. వీటిలో నీలి సాల్వియా, ఏంజెలోనియా బాగా కలుస్తున్నాయి. రెండూ మంచి మొక్కలే, మన ఉక్కపోతని తట్టుకుంటాయి కూడా. కానీ వాటికి లావెండర్ ధర పెట్టడం దండగ.

పువ్వుని చూసి మోసపోకండి, ఆకు చూడండి. అసలు లావెండర్ ఆకు సన్నగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, మెత్తటి నూగుతో ఉంటుంది. పూలు లేకపోయినా సరే, ఆకు నలిపితే వాసన వేళ్లకి అంటుకుంటుంది. సాల్వియా ఆకు ఇంకాస్త వెడల్పు, పచ్చగా ఉంటుంది, ఆ వాసన రాదు. "కాండం నలుపలకలుగా ఉంది చూడండి" అని చూపిస్తే నమ్మొద్దు. సాల్వియాదీ అంతే, ఆ మాటకొస్తే మన తులసిదీ అంతే, అన్నీ ఒకే కుటుంబం.

అసలుది దొరికినా ఇక్కడ బతికించడం కష్టమని అమ్మేవాళ్లు చెప్పరు. ఇది మధ్యధరా ప్రాంతపు పొడి నేలల మొక్క. మన దేశంలో పంటగా ఎక్కువగా వేసేది జమ్మూ వైపు భదర్వా లాంటి కొండ ప్రాంతాల్లో. ఇంగ్లిష్ రకం కంటే, ఆకు అంచున పళ్లుండే ఫ్రెంచ్ రకం మన తేమకి కాస్త నయం. చచ్చేది ఎక్కువగా వేరు కుళ్లి. కవర్‌లో వచ్చిన కొబ్బరి పొట్టు పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆకులు వాడితే నీళ్లు చాలలేదనుకుని ఇంకో మగ్గు పోస్తాం, అంతటితో సరి.

ఎనిమిది అంగుళాల మట్టి కుండీ తీసుకోండి. ఎర్రమట్టి ఒక వంతు, ముతక ఇసుక ఒక వంతు, చిన్న ఇటుక ముక్కలు అర వంతు, వర్మీకంపోస్టు గుప్పెడు. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. వేలు రెండు కణుపులు దించి పొడిగా తగిలితేనే నీళ్లు. కింద పళ్లెం పెట్టకండి. వానాకాలంలో చూరు కిందకి జరపండి. కొనేది నవంబరు, జనవరి మధ్యలో కొనండి, మే నెలలో అసలొద్దు.

గింజల ప్యాకెట్ మీద "గ్రోసో" అని ఉంటే అక్కడే వదిలేయండి. అది సంకర రకం, గింజ కట్టదు, కొమ్మ కత్తిరింపులతోనే పెంచుతారు. ఎర్ర పూల లావెండర్ బొమ్మ ఉన్న ప్యాకెట్ కూడా కొనకండి.

ఇక నూనె. అసలు ఎసెన్షియల్ ఆయిల్‌కి రంగు ఉండదు, ఉంటే లేత పసుపు. ఊదాగా ఉంటే రంగు కలిపినట్టే. పది మిల్లీలీటర్ల సీసాకి సుమారు కిలో పూలు పడతాయి, ఇక యాభై రూపాయలకి ఎలా వస్తుందో మీరే లెక్కేసుకోండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి. జిడ్డు మరక మిగిలితే మామూలు నూనె కలిసింది. కృత్రిమ పరిమళం కలిపితే మాత్రం ఈ పరీక్షకి దొరకదు, దానికి ఆ బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టు (నూనెలో ఏమేం ఉన్నాయో చెప్పే ల్యాబ్ పరీక్ష) అడగాలి. కర్పూరం ఘాటు కొడితే అది ఎక్కువ దిగుబడి ఇచ్చే లావండిన్ (గ్రోసో లాంటి సంకర లావెండర్) నూనె అయ్యుండొచ్చు. అది కల్తీ కాదు, కానీ చవక సరుకు. లేబుల్ మీద "ఫ్రాగ్రెన్స్" అని ఉంటే ఒంటికి రాయొద్దు. అసలుదైనా పది మిల్లీలీటర్ల కొబ్బరినూనెకి నాలుగు చుక్కలు చాలు, నేరుగా రాసుకోకండి, తాగకండి.

 

బిల్లు మీద "పూల మొక్క" అని కాకుండా "లావెండర్" అని రాయించుకోండి. పార్శిల్ అయితే విప్పేటప్పుడే వీడియో తీయండి, ఆకు దగ్గరగా కనపడాలి. అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.