పేరున్న చెట్ల అడవి: తొమ్మిదేళ్ల రాకపోకల తర్వాత

మా పెద్దమ్మాయికి మూడేళ్లు నిండిన నెలలో మొదటిసారి ఒక అర్బోరేటం, అంటే చెట్ల కోసమే పెంచిన తోట, గేటు దాటాం. ఇప్పుడు తనకు పన్నెండు. ఈ తొమ్మిదేళ్లలో అక్కడికి వెళ్లకుండా గడిచిన నెలలు చాలా తక్కువ. ఎండలో వెళ్లాం, ముసురులో వెళ్లాం, ఆకులన్నీ రాలి కొమ్మలు మాత్రమే మిగిలిన రోజుల్లో వెళ్లాం, కాలు పెట్టడానికి చోటు లేనంత జనం వచ్చిన సెలవు రోజుల్లోనూ వెళ్లాం. ఒక్కసారి చూసి వచ్చి చెప్పే మాట వేరు, ఇన్నేళ్లు తిరిగాక చెప్పే మాట వేరు. అందుకే రాస్తున్నాను. పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి నడవాలంటే మామూలు అడవి దారి కన్నా అర్బోరేటమే మేలని నా అభిప్రాయం. కారణం ఒక్కటే, అక్కడ చెట్లకు పేర్లుంటాయి.

అడవితో కలిసి ఉన్న అర్బోరేటమైతే రెండు లోకాలు పక్కపక్కనే ఉంటాయి. గేటుకు దగ్గరి భాగంలో దేశదేశాల నుంచి తెచ్చిన చెట్లను జాతుల వారీగా నాటి ఉంచుతారు. మేపుల్ చెట్లు ఒక చోట, ఓక్ చెట్లు మరో చోట, సూదుల్లాంటి ఆకులున్న చెట్లు ఇంకో వైపు. అది దాటితే ఎవరూ నాటని సహజమైన అడవి, అందులో ఎక్కి దిగే నడకదారులు. ఈ తేడా తెలియకుండా వెళ్లడమే మేము మొదట చేసిన పొరపాటు.

మావారికి నడక అంటే ప్రాణం. ఆ మొదటి రోజు పటం చూసి ఎనిమిది కిలోమీటర్ల చుట్టుదారిని ఎంచుకున్నారు. కొండదారి నడకకు స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. మూడు మైళ్లకు, అంటే సుమారు ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి రెండు వేల అడుగుల ఎత్తుకు మరో గంట. ఆ లెక్క ప్రకారం మేము రెండు గంటల్లో తిరిగి రావాలి. అయితే అది ఆగకుండా నడిచే ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల లెక్క. మూడేళ్ల పిల్ల ప్రతి పుట్టగొడుగు దగ్గరా కూర్చుంటుంది, ప్రతి గులకరాయినీ ఏరుకుంటుంది. మూడో వంతు దారి కూడా నడవకముందే అలసిపోయి ఏడుపు మొదలుపెట్టింది. మావారు భుజాల మీద ఎక్కించుకుని వెనక్కి తీసుకొచ్చారు. మోకాళ్ల నొప్పి ఉన్న మా నాన్నగారు మాతో రాలేక, గేటు దగ్గరి బెంచీ మీద మూడు గంటలు ఒంటరిగా ఎదురుచూశారు. కుటుంబమంతా కలిసి బయలుదేరి విడివిడిగా గడిపామే అని ఆ సాయంత్రం మనసు చివుక్కుమంది. అప్పటి నుంచి చిన్నపిల్లలు వెంట ఉంటే నైస్మిత్ లెక్కను రెట్టింపు చేసి, దాని మీద ఇంకో అరగంట కలుపుతున్నాం. ఆ అరగంట ఎప్పుడూ మిగలలేదు.

నాన్నగారు మాత్రం ఆ మూడు గంటలూ ఊరికే కూర్చోలేదు. కాసేపు కూర్చుని, కాసేపు లేచి, చుట్టుపక్కల చెట్లకు తగిలించిన బిళ్ళలన్నీ చదివారు. మేము తిరిగొచ్చేసరికి జేబులోని చిన్న కాగితం నిండా పేర్లు, అంకెలు. "ఈసారి నాతో రండి, నేను చూపిస్తాను" అన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు మూడు గంటల్లో అర కిలోమీటరు కూడా నడవలేదు. అందరం కలిసే నడిచాం, ఒక్కరూ విసుక్కోలేదు.

బిళ్ళ అంటే అరచేతిలో పట్టే లోహపు రేకు. దాని మీద శాస్త్రీయ నామం, వాడుక పేరు, ఆ జాతి సహజంగా ఏ ప్రాంతంలో పెరుగుతుందో ఆ వివరం, ఒక అంకె ఉంటాయి. మొదట్లో ఆ అంకెను ఎవరమూ పట్టించుకోలేదు. అసలు కథ అందులోనే ఉంది. చాలా అర్బోరేటాల్లో ఆ అంకెలో ఒక భాగం ఆ మొక్క లేదా విత్తనం అక్కడి జాబితాలో చేరిన సంవత్సరాన్ని చెబుతుంది. కొన్ని చోట్ల పక్కనే డబ్ల్యూ అనే అక్షరం కనిపిస్తుంది. అడవిలో సేకరించిన విత్తనం నుంచి పెరిగిన చెట్టు అని దాని అర్థం. నర్సరీలో కొన్న మొక్కకూ, దూరదేశపు కొండల్లో ఎవరో ఏరి తెచ్చిన గింజకూ ఉన్న తేడా ఆ ఒక్క అక్షరంలో ఉంటుంది. చెట్లకు పేర్లు రాసి ప్రజలకు నేర్పాలన్నది పాత ఆలోచనే. ఇంగ్లండులోని డెర్బీ పట్టణంలో 1840లో తెరిచిన అర్బోరేటాన్ని జాన్ క్లాడియస్ లౌడన్ సరిగ్గా ఆ ఉద్దేశంతోనే రూపొందించాడు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ అర్బోరేటం 1872లో మొదలైంది.

"తాతయ్యా, ఈ చెట్టు వయసెంత?" అని మా అమ్మాయి అడిగింది ఒకసారి, అప్పటికి తనకు ఐదేళ్లు.

"బిళ్ళ మీద 1987 అని ఉందమ్మా. ఆ ఏడు ఇక్కడి లెక్కలోకి వచ్చింది. అప్పటికే కాస్త పెరిగిన మొక్క అయితే వయసు ఇంకా ఎక్కువే."

"అయితే అమ్మ కన్నా పెద్దదా?"

"మీ అమ్మ, ఈ చెట్టు ఒక ఈడువాళ్లే."

ఆ చెట్టు మెటాసెక్వోయా. ఆ రోజు నుంచి అది మా ఇంటి చెట్టు అయిపోయింది. 1941లో జపాన్ శాస్త్రవేత్త షిగేరు మికి శిలాజాల ఆధారంగా దీనికి ఆ పేరు పెట్టారు. అది లక్షల ఏళ్ల కిందటే అంతరించిపోయిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. కొన్నేళ్లకే చైనాలో ప్రాణంతో ఉన్న చెట్లు కనిపించాయి. 1948లో ఆర్నాల్డ్ అర్బోరేటానికి ఆ విత్తనాలు చేరి, అక్కడి నుంచి ఎన్నో దేశాల తోటలకు వెళ్లాయి. రాతిలో అచ్చుగా మాత్రమే మిగిలిందనుకున్న ఆకును మా పిల్లలు చేత్తో తాకుతున్నారు. నాన్నగారు ఈ కథ చెప్పినప్పుడు మా చిన్నవాడు ఆ మాను మీద చేయి పెట్టి చాలాసేపు తీయలేదు.

ఆకుల్ని పోల్చడం పిల్లలకు ఆటగా నేర్పితే నడక దానంతటదే సాగుతుంది. మెటాసెక్వోయా పక్కనే బాల్డ్ సైప్రస్ ఉంది. రెండింటి ఆకులూ సూదుల్లాగే ఉంటాయి, రెండూ చలికాలం ముందు ఆకు రాల్చేస్తాయి, దూరం నుంచి కవల పిల్లల్లా కనిపిస్తాయి. రెమ్మను దగ్గరగా చూస్తే మెటాసెక్వోయాకు ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి, బాల్డ్ సైప్రస్‌కు ఒకటి ఇటు, ఒకటి అటు. బడిలో అభిముఖం, ఏకాంతరం అని బట్టీ పట్టిన పాఠం ఆ రెండు చెట్ల మధ్య నిలబడితే ఒక్క నిమిషంలో కళ్లకు కడుతుంది. ఆకురాలు కాలంలో కత్సురా చెట్టు కింద నిలబడితే రాలిన ఆకుల నుంచి కాగిన చక్కెర పాకం వాసన వస్తుంది. దాన్ని ముందు పిల్లల ముక్కే పసిగడుతుంది.

ఫ్రాంక్లినియా గురించి చెప్పకుండా ఉండలేను. ఎత్తు పెద్దగా పెరగని, తెల్లని పూలు పూసే చిన్న చెట్టు. మొక్కల శాస్త్రవేత్తలైన బార్‌ట్రామ్ తండ్రీకొడుకులు 1765లో అమెరికాలోని ఒక నదీతీరంలో దీన్ని చూశారు. 1803 తర్వాత అడవిలో ఇది ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు ప్రపంచంలో ఉన్న ఫ్రాంక్లినియాలన్నీ తోటల్లో పెంచినవే. 2021లో వెలువడిన ప్రపంచ వృక్షాల నివేదిక ప్రకారం భూమి మీద దాదాపు 60,000 వృక్షజాతులు ఉంటే, వాటిలో సుమారు 30 శాతానికి అంతరించే ముప్పు ఉంది. ఆ చిన్న చెట్టు దగ్గర నిలబడినప్పుడల్లా ఆ అంకె నాకు గుర్తుకొస్తుంది. అర్బోరేటాన్ని పార్కు అనడం నాకు నచ్చనిది అందుకే. కొన్ని జాతులకు అదే చివరి ఇల్లు.

ఇక ఇబ్బందులు. పటంలో "సులభం" అని గుర్తు పెట్టిన దారిలో మధ్యలో రాతిమెట్లు వచ్చాయి. మా చిన్నవాణ్ణి కూర్చోబెట్టిన బండిని ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఎత్తవలసి వచ్చింది. సులభం అన్న మాట ఏటవాలు గురించి చెప్పిందే కానీ చక్రాల గురించి కాదు. బండి గానీ చక్రాల కుర్చీ గానీ తీసుకెళ్లేవాళ్లు గేటు దగ్గర "మెట్లు ఉన్నాయా, నేల గట్టిగా ఉంటుందా" అని విడిగా అడిగి తెలుసుకోవాలి. మరుగుదొడ్లు గేటు దగ్గర మాత్రమే ఉన్నాయి. అడవి దారిలోకి వెళ్లే ముందు పిల్లల్ని తప్పనిసరిగా పంపించండి. లోపల ఫోను సిగ్నలు చాలా చోట్ల అందదు కాబట్టి పటాన్ని ముందే ఫోనులో దాచుకోవడమో, కాగితం పటం చేతిలో ఉంచుకోవడమో మంచిది. కొన్ని బిళ్ళలు ఊడిపోయి నెలల తరబడి అలాగే ఉంటాయి. ఇది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. బిళ్ళ లేకపోతే అక్కడి చెట్టు మా పిల్లలకు మళ్లీ పేరులేనిదైపోతుంది. రెండుసార్లు చెప్పాక ఒక వరసలో కొత్తవి పెట్టారు.

ఒకసారి గంటకు పైగా ప్రయాణం చేసి వెళితే గేటు మూసి ఉంది, గాలి ఎక్కువగా ఉందని. ఆకాశం నిర్మలంగా ఉంది, పిల్లలు ఏడుపు ముఖం పెట్టారు, నాకూ చిరాకేసింది. రెండు వారాల తర్వాత వెళ్లినప్పుడు మేము ఎప్పుడూ కూర్చునే బెంచీ ముక్కలైపోయి ఉంది. దాని మీద ఓక్ కొమ్మ, నా నడుమంత లావు. ముదురు చెట్లున్న చోట గాలి రోజున గేటు మూశారంటే మారుమాట లేకుండా వెనక్కి తిరగాలని ఆ రోజు అర్థమైంది. బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోవడం ఇప్పుడు మాకు అలవాటు.

దారి దిగవద్దన్న నియమాన్ని మొదట్లో నేను గడ్డి కోసమనుకున్నాను. అసలు సంగతి వేళ్లది. చెట్టుకు నీరూ పోషకాలూ అందించే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరలోనే, మోకాలి లోతు లోపే ఉంటాయి. పదేపదే తొక్కితే మట్టి గట్టిపడి వాటికి గాలీ నీరూ అందవు. ఒక్కరు తొక్కితే ఏమీ కాదు, కానీ ఫొటో కోసం అందరూ అదే మాను దగ్గరికి వెళతారు. ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి వెళ్లకపోవడానికి ఇంకో కారణం పిడుదులు. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, జుట్టు మొదళ్లలో వెతకండి. కరుచుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నలపడం, కాల్చడం, నూనె పోయడం పనికిరావు.

ఆకులు రంగు మారే వారాల్లో వెళితే జనం మధ్య చెట్టు కనిపించదు. తప్పదనుకుంటే గేటు తెరిచే సమయానికే వెళ్లండి. నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం ఎవరూ రాని చలికాలం. ఆకులు లేనప్పుడే బెరడు కనిపిస్తుంది. లేస్‌బార్క్ పైన్ బెరడు పొరలుగా ఊడి ఆకుపచ్చ, తెలుపు, ఊదా మచ్చలతో పటంలా ఉంటుంది. ఆ చలిలోనే విచ్ హేజెల్ పసుపు రంగు దారపు పోగుల్లాంటి పూలు పూస్తుంది.

శిఖరం ఎక్కి చుట్టూ చూడాలనుకునేవాళ్లకు, వేగంగా నడిచి చెమట పట్టాలనుకునేవాళ్లకు, బంతి ఆడుకోవాలనుకునేవాళ్లకు ఇది తగిన చోటు కాదు. మావారు ఇప్పటికీ నెలకోసారి తెల్లవారగానే ఆ ఎనిమిది కిలోమీటర్లూ ఒక్కరే చుట్టి వచ్చి మాతో కలుస్తారు. ఏడాది సభ్యత్వం తీసుకోవడం వల్ల మాకు కలిగిన పెద్ద మేలు, వచ్చాం కదా అంతా చూసేయాలన్న ఆత్రం పోవడం. కొన్నిసార్లు గంటసేపు ఒక్క చెట్టు కింద కూర్చుని తిరిగి వచ్చేస్తాం.

ప్రతి ఏడూ అదే నెలలో మా మెటాసెక్వోయా చుట్టుకొలత కొలుస్తాం. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో, మెత్తని టేపుతో, సెంటీమీటర్లలో, బెరడును నొక్కకుండా. అంకెలన్నీ నాన్నగారి నోటు పుస్తకంలో ఉన్నాయి. మొదటి ఏడు తనే కొలిచారు. తర్వాత టేపు ఒక కొస మనవరాలు పట్టుకుంది. నిరుటి నుంచి నాన్నగారు చక్రాల కుర్చీలో వస్తున్నారు. తారు దారి ఆ చెట్టుకు పాతిక అడుగుల దూరంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి మట్టి. ఈసారి పిల్లలిద్దరూ మాను చుట్టూ టేపు తిప్పి, సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు.

"తాతయ్యా, నూట తొంభై నాలుగు!" అని అమ్మాయి అక్కడి నుంచి గట్టిగా చెప్పింది.

నాన్నగారు పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకున్నారు. పోయినేటి అంకె చూసి, "రెండున్నర పెరిగిందర్రా" అన్నారు.