ఆటోట్యూన్ ఉన్న ఫ్యూయల్ ట్యూనర్: మూడేళ్లు వాడాక

బైకు ఇంజన్‌కి పెట్రోలు ఎంత పడాలో దిద్దే ఈ ట్యూనర్ గురించి మొదటి ఏడాది ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనేయమన్నాను. ఇప్పుడూ కొనమనే చెప్తాను. కాకపోతే ముందు ఒక మాట అడుగుతున్నాను: "మీ బెండ్ పైపు గ్యాస్కెట్ ఆఖరిసారి ఎప్పుడు మార్చారు?" (బెండ్ పైపంటే ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి పొగ తెచ్చేది, గ్యాస్కెట్ దాని అతుకు దగ్గర పెట్టే రింగు.) చాలామంది వింతగా చూస్తారు. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే పోయిన ఏడాది నేను తలపట్టుకు తిరిగిన రెండు నెలల సంగతి చెప్పాలి.

బండి రెండు సిలిండర్లది. సైలెన్సర్ మార్చాను, గాలి ధారాళంగా లాగే ఫిల్టర్ పెట్టాను. ఆ తర్వాత ఇంజన్ లీన్‌గా (గాలికి తగ్గ పెట్రోలు అందక) నడవడం, ఆ మంట, ఆ జర్కులు ఈ పని చేసిన అందరికీ తెలిసినవే, వదిలేస్తాను. నేను తీసుకున్నది పిగ్గీబ్యాక్ రకం. ఈసీయూకీ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్), పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకీ మధ్య కూర్చుని, ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయాన్ని కాస్త పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. ఈసీయూని ఫ్లాష్ చేయించకుండా (అంటే దాని లోపలి ప్రోగ్రామునే మార్పించకుండా) దీనివైపు మొగ్గడానికి నాకున్న కారణం ఒక్కటే, ఆటోట్యూన్. పైపులో, పొగలో ఆక్సిజన్ చూసే ఒక వైడ్‌బ్యాండ్ సెన్సార్ బిగిస్తే, మనం నడుపుతుంటే అదే చూసుకుని పెట్రోలు దిద్దుకుంటుంది. డైనో (బండిని నిలబెట్టి నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి ట్యూన్ చేసే మనిషి నాకు అందుబాటులో లేడు. నాకేమో ఏడాదికోసారి సైలెన్సర్ మార్చే జబ్బు.

మొదటి నెల నాకు పండగే. సాయంత్రం ఒక రౌండ్ వేసి వచ్చి, బండి ఇంకా చల్లారకముందే లాప్‌టాప్ తగిలించేవాణ్ణి. తెర మీద పట్టిక వస్తుంది. నిలువుగా ఆర్‌పీఎం, 250 చొప్పున. అడ్డంగా థ్రాటిల్ (యాక్సిలరేటర్ ఎంత తిప్పామో) శాతం: 0, 2, 5, 10, 20, 40, 60, 80, 100. నేను ఎక్కువగా నడిపే 3500 దగ్గర, 5 శాతం గడిలో +6 అని కనిపించేది. అంటే అక్కడ 6 శాతం పెట్రోలు తక్కువ పడుతోందని అది కనిపెట్టి, కలిపింది. లక్ష్యాలు, అంటే ఒక పాలు పెట్రోలుకి బరువులో ఎన్ని పాళ్లు గాలి ఉండాలో, నేనే ఇచ్చాను: నిదానంగా పోయేటప్పుడు 13.8, ఫుల్ థ్రాటిల్‌లో 13. వచ్చిన దిద్దుబాట్లని 'అంగీకరించు' అని నొక్కితే అవి అసలు మ్యాప్‌లో (ఏ గడిలో పెట్రోలు ఎంత మార్చాలో ఉండే పట్టిక) కలిసిపోతాయి, దిద్దుబాట్ల పట్టిక మళ్లీ సున్నాకి వస్తుంది. (ఇథనాల్ కలిసిన పెట్రోలుకి లక్ష్యాలు మార్చాలా అని తరచూ అడుగుతుంటారు. సెన్సార్ నిజానికి కొలిచేది లాంబ్డాని, అంటే ఉన్న గాలి ఆ పెట్రోలు పూర్తిగా మండడానికి కావాల్సిన గాలికి ఎన్ని రెట్లో దాన్ని. తెర దాన్ని 14.7తో హెచ్చించి చూపిస్తుంది, అంతే. కాబట్టి నేను మార్చలేదు.)

కంపెనీ లాంబ్డా సెన్సార్ తీసేసి, కిట్‌లో ఇచ్చిన చిన్న ప్లగ్ పెట్టడం మాత్రం మరవద్దు. లేకపోతే ఒకే వేగంలో పోతున్నప్పుడు ట్యూనర్ ఒక చేత్తో ఇచ్చింది ఈసీయూ ఇంకో చేత్తో లాక్కుంటుంది.

ఇక అసలు కథ. ఇంజన్ హెడ్ దగ్గర బెండ్ పైపు స్టడ్డు ఒకటి తుప్పు పట్టి విరిగేలా ఉంటే, పైపు దించి దాన్ని మార్చాను. పైపుకీ హెడ్‌కీ మధ్య ఉండే రాగి రింగులు చూడ్డానికి బాగానే ఉన్నాయి. అవే మళ్లీ పెట్టి బిగించేశాను. నా బుర్రతక్కువ పని ఇదొక్కటే, మిగతాదంతా దాని పుణ్యమే.

మూడు వారాలకి మైలేజీ 23 నుంచి 17కి పడింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కళ్లు మండేంత పెట్రోలు వాసన. స్పార్క్ ప్లగ్గులు తీస్తే రెండూ మసిబొగ్గుల్లా ఉన్నాయి, వేలితో తుడిస్తే పొడి మసి రాలుతోంది. తేలిగ్గా చెప్పేయొచ్చు, బండి రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) నడుస్తోందని. కానీ తెర ఏమంటోంది? 13.8 అనుకున్న చోట 13.8, 13 అనుకున్న చోట 13. గీత గీసినట్టు. అంతకుముందు వారమైతే చిన్న థ్రాటిల్ దగ్గర లీన్‌గా ఉందని చెప్పి అదే కలుపుకుంది, నేను అంగీకరించాను. ప్లగ్గు ఒకటి చెప్తోంది, సెన్సార్ ఇంకొకటి చెప్తోంది. చదువుకున్నవాణ్ణి కదా, అంకె చూపించేదాన్నే నమ్మాను.

ప్లగ్గులు కొత్తవి వేశాను, వారానికే నల్లబడ్డాయి. ఇంజెక్టర్లు కారుతున్నాయేమోనని విప్పి కడిగించాను. ఫిల్టర్ మార్చాను. చివరికి వైడ్‌బ్యాండ్ సెన్సారే పోయిందని తేల్చుకుని కొత్తది తెప్పించి బిగిస్తే, పాతది చెప్పిన అంకెలే అదీ చెప్పింది. మామూలుగా సంతోషించాల్సిన విషయం. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

చాలాకాలంగా తెలిసిన మెకానిక్ ఒకాయన దగ్గరికి లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఆయన అంకెలు చదవలేదు, పట్టిక మొత్తాన్ని కాస్త దూరం నుంచి చూశాడు.

"ఎడమవైపు ఉబ్బింది చూడు తమ్ముడూ" అన్నాడు. "పంపుదో ఫిల్టర్‌దో లోపమైతే కుడివైపు ఉబ్బాలి, ఫుల్ థ్రాటిల్‌లో కదా పెట్రోలు చాలనిది. ఇక్కడేమో 60, 80, 100 ఎక్కడివక్కడే ఉన్నాయి."

"మరేంటి అన్నా?"

"పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి విను."

విన్నాను. టిక్ టిక్ టిక్ అని సన్నటి శబ్దం, నాలుగైదు నిమిషాలకి మాయం. నిజానికి అది నెల రోజులుగా వింటున్నదే. టాపెట్లు (వాల్వుల దగ్గరి శబ్దం) అనుకున్నాను, వేడెక్కాక పోతోంది కదా అని పట్టించుకోలేదు. పైపు వేడికి వ్యాకోచించి ఆ సందు కొంత మూసుకోవడం వల్ల శబ్దం పోయేదట. మర్నాడు ఇంజన్ చల్లగా ఉండగానే హెడ్ దగ్గర సబ్బు నీళ్లు చల్లి, స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని ఒక్క క్షణం అడ్డుకున్నాను. ఎడమ సిలిండర్ పైపు కింద బుడగలు బుసబుస పొంగాయి. విప్పితే రాగి రింగు అంచున ఒకచోట పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత, గోరు వెడల్పు కూడా లేదు.

సైలెన్సర్ గొట్టంలో పొగ ఒకే ధారగా పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది. రెండు దెబ్బల మధ్య లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గే క్షణాలుంటాయి. అప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. సెన్సార్ ఆ ఆక్సిజన్ చూసి, పాపం, ఇంజన్ లీన్‌గా ఉందనుకుంటుంది. చిన్న థ్రాటిల్‌లో పోయే పొగే తక్కువ కాబట్టి, దొంగచాటుగా చేరిన ఆ కాస్త గాలికే అంకె బాగా మారిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో దాని జాడ తెలియదు. పట్టిక ఎడమవైపే ఉబ్బింది అందుకే. పైగా నా బండిలో సెన్సార్ ఒక్కటే, రెండు పైపులూ కలిసే చోట. లీకు ఎడమ పైపుది, అదనపు పెట్రోలు మాత్రం ఇద్దరికీ.

నాకు ఇంకా మండేది వేరే. ఆటోట్యూన్ 20 శాతానికి మించి కలపకుండా హద్దు పెట్టాను, ఆ ధైర్యంతోనే ఉన్నాను. కానీ ఆ హద్దు దిద్దుబాట్ల పట్టికకే. అంగీకరించిన ప్రతిసారీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. రింగు కాలుతూ సందు పెరిగేకొద్దీ అది కొంచెం కలిపేది, నేను సరే అనేవాణ్ణి, నాలుగుసార్లు. అదృష్టం కొద్దీ లీకుకి ముందు దాచుకున్న మ్యాప్ ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే 5, 10 శాతం వరసల్లో కొన్ని గడులు 31 దాకా పెరిగాయి. ఇంత పెరిగిందని ఒక్క హెచ్చరిక కూడా తెర మీద రాలేదు. మొదటి మ్యాప్‌తో పోల్చి చూపించే ఏర్పాటు ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉండి తీరాలి. మూడేళ్లుగా లేదు.

కొత్త రింగులు వేసి, పాత మ్యాప్ ఎక్కించాక వారంలో దిద్దుబాట్లన్నీ రెండు మూడు శాతం లోపలికి వచ్చేశాయి. మైలేజీ 22.

ఈ గొడవలో ఇంకోటి బయటపడింది. మొదట్లో నేను తెగ మెచ్చుకున్నది చిన్న వేగాల్లో జర్కు పోవడం గురించి. వెతుకులాటలో భాగంగా ట్యూనర్‌లో అన్నీ సున్నాలున్న మ్యాప్ వేసి నడిపితే, బండి నేను భయపడినంత జర్కు ఇవ్వలేదు. గుర్తు చేసుకుంటే, ట్యూనర్ బిగించిన వారమే రెండు థ్రాటిల్ బాడీల సింక్ (రెండు సిలిండర్లకీ గాలి సమానంగా వెళ్లేలా) సరిచేశాను, యాక్సిలరేటర్ కేబుల్ వదులూ తీశాను. అప్పుడొచ్చిన మార్పులో సగం పేరు వాటికి దక్కాల్సింది. మధ్య ఆర్‌పీఎంలో పికప్ మాత్రం ట్యూనర్‌దే, సున్నా మ్యాప్‌లో ఆ తేడా స్పష్టంగా తెలిసింది.

సెన్సార్ల గురించి ఒక మాట. పాత సెన్సార్ బాగానే ఉంది కదా, స్పేర్‌గా దాచుకున్నాను. కొన్నాళ్లకి ట్యూనర్ బాక్సుని వేరే చోటికి మారుస్తూ, దాన్ని పైపులో ఉంచి వైరు తీసేసి నెల రోజులు తిరిగాను. చచ్చిపోయింది. లోపలి హీటర్ దాన్ని దాదాపు 780 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. ఆ వేడి లేకుండా పొగలో నానితే మసి పట్టేస్తుంది. వైరు తీస్తే సెన్సార్ కూడా తీసి ఆ రంధ్రానికి బోల్టు పెట్టండి.

నాలా పైపులు మారుస్తూ, టాంకు విప్పడం విసుగనిపించనివాళ్లకి ఇది సరైనదే. పైపూ ఫిల్టరూ ఒకసారి పెట్టి ఇక ముట్టుకోనివాళ్లు, నమ్మకమైన డైనో మనిషి దగ్గరున్నవాళ్లు, ఈసీయూ ఫ్లాష్ చేయించుకుంటే మధ్యలో ఇన్ని సాకెట్ల టెన్షన్ ఉండదు. ఒంటి సిలిండర్ బండివాళ్లకి నేను చెప్పిన వాటిలో సగం గొడవలు రాకపోవచ్చు, వాళ్ల సంగతి నా అనుభవంలోనిది కాదు.

ఇప్పుడు నేను ఆటోట్యూన్‌ని ఎప్పుడూ నడవనివ్వడం లేదు. ఏదైనా మార్చినప్పుడు రెండు వారాలు ఆన్ చేస్తాను, తర్వాత ఆపేస్తాను. అంగీకరించే ముందు మ్యాప్ తేదీతో దాచుకుంటాను. వచ్చే నెల క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) మార్చే ఆలోచన ఉంది. అది పడితే ఐడిల్ దగ్గర ఈ సెన్సార్ అంకెని ఎంతవరకు నమ్మాలో చూడాలి. తేడాగా అనిపిస్తే 0, 2 వరసల్లో లక్ష్యం సున్నా పెట్టి ఆటోట్యూన్‌ని అక్కడికి రానివ్వకుండా చేసి, ఆ గడుల్ని ప్లగ్గు రంగు చూసుకుంటూ చేత్తోనే దిద్దుకుంటాను.