స్టార్ట్ అయి ఆగిపోతోందా: పెట్రోల్ లోపమా, ఇగ్నిషన్ లోపమా?

పాత కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది) బండి స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతే అనుమానం ముందు రెండిటి మీదే, పెట్రోల్ అందట్లేదా లేక దాన్ని అంటించే స్పార్క్ పోతోందా అని. పెట్రోల్ సమస్యైతే బండి మామూలుగా ఒక్కసారిగా చావదు, దగ్గుతూ మూలుగుతూ ఆగుతుంది, చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది) లాగితే ఇంకాసేపు లాక్కొస్తుంది, కార్బురేటర్ గిన్నెలో ఉన్న కాస్త పెట్రోల్ అయిపోయేదాకే దాని ఆట. ముందు ట్యాంక్ మూత వదులు చేసి చూడండి, దాని గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే గోల (నాకు ఫిల్టరూ పంపూ మార్చాక తెలిసింది లెండి).

ఇగ్నిషన్, అంటే స్పార్క్ సమస్యైతే తాళం తీసేసినట్టు టక్కున ఆగుతుంది. తాళం స్టార్ట్‌లో పట్టుకున్నంతసేపు పలికి వదలగానే చచ్చిపోతే, పాయింట్లున్న (స్పార్క్ కోసం కరెంట్ తెంచే స్విచ్ లాంటివి) బండ్లలో బలాస్ట్ రెసిస్టర్ (బండి నడిచేటప్పుడు కాయిల్‌కి వెళ్లే కరెంట్ తగ్గించేది) చూడాలి. వేడెక్కాక ఆగి చల్లారాక స్టార్ట్ అయితే నేను ముందు స్పార్క్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ఆ కాయిల్‌నే అనుమానిస్తా. ఆగిన వెంటనే స్పార్క్ చెక్ చేయండి, చల్లారాక చూస్తే అంతా బానే ఉన్నట్టు కనిపిస్తుంది.