వృక్షశాస్త్రవేత్తా, ఉద్భిజ్జశాస్త్రవేత్తా, బోటనిస్టా: ఏది మేలు?

మొక్కలను అధ్యయనం చేసేవారిని తెలుగులో ఏమనాలి? ఇవాళ్టి రాతకు నా ఓటు ‘వృక్షశాస్త్రవేత్త’కే. దీనిమీద వినబడే అభ్యంతరం ఒకటే: వృక్షమంటే చెట్టు కదా, గడ్డీ తీగా నాచూ ఎక్కడికి పోవాలి? సబబైన ప్రశ్నే. మనుస్మృతి మొదటి అధ్యాయం పూత, కాయ రెండూ ఉన్నవాటినే వృక్షాలంది. పూత కనబడకుండా కాసేవి వనస్పతులు, పంట పండగానే ఎండిపోయేవి ఓషధులు. ఆ లెక్కన వరి వృక్షం కాదు, ఓషధి.

కానీ వాడుకలో ఆ గీత ఏనాడో చెరిగింది. ప్రాచీన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడి బృహత్సంహితలో ‘వృక్షాయుర్వేదం’ అనే అధ్యాయం ఉంది. కొమ్మ నాటి పెంచేవాటి జాబితాలో అక్కడ పనస, దానిమ్మలతో పాటు అరటి, ద్రాక్ష కూడా ఉన్నాయి. అరటిది మానుకాదు, ద్రాక్ష తీగ. అయినా వృక్షాల లెక్కలోనే పడ్డాయి.

‘బోటనిస్టు’ ఇంతకన్నా కచ్చితమా అంటే, కాదు. గ్రీకులో ‘బొటానే’ అంటే గడ్డి, పశువుల మేత; మేపడం అనే అర్థమున్న ‘బోస్కెయిన్’ క్రియకు చుట్టం. లాటిన్, ఫ్రెంచిల మీదుగా 17వ శతాబ్దంలో ఇంగ్లిషుకు చేరింది. మేత మాట మొక్కలన్నిటికీ చాలినప్పుడు చెట్టు మాట చాలదా? మాటల్లో బోటనిస్టు అనండి, తప్పులేదు. వ్యాసంలో మాత్రం తెలుగు మాటే బాగుంటుంది.

అర్థంలో అందమైనది ‘ఉద్భిజ్జం’. ఉత్ అంటే పైకి, భిద్ అంటే చీల్చడం, జ అంటే పుట్టినది: నేలను చీల్చుకుని పైకి పుట్టినది. ఐతరేయోపనిషత్తు గుడ్డులోంచి పుట్టే అండజాలు, మావిలోంచి పుట్టే జరాయుజాలు, చెమటలోంచి పుడతాయనుకున్న స్వేదజాల సరసన దీన్ని నిలిపింది. గడ్డిపరక నుంచి మర్రి దాకా ఒక్క మాటలో ఇముడుతుంది. బెంగాలీలో ‘ఉద్భిద్‌విద్య’ ఇప్పటికీ బతికే ఉంది. మనకు వాడుక తప్పింది, పాఠకుడు ఆగిపోతాడు. రాయాల్సివస్తే జ కింద జ వత్తు మరవకండి. భిద్‌లోని ద్ తరవాతి జతో కలిసి జ్జ అయింది.

కన్నడంలో ‘సస్యశాస్త్రం’ అంటే బోటనీయే. తెలుగులో సస్యమంటే పైరు. ‘సస్యశాస్త్రవేత్త’ అని రాస్తే వరి, పత్తి చూసే వ్యవసాయ నిపుణుడనుకుంటారు. ‘వనస్పతి’ హిందీలో సరిపోయింది, ఇక్కడ నూనె డబ్బా గుర్తొస్తుంది.

చివర ‘జ్ఞుడు’ కన్నా ‘వేత్త’ మేలు. చెరకు సంకరాలపై కోయంబత్తూరులో పనిచేసిన జానకి అమ్మాళ్‌ను వృక్షశాస్త్రజ్ఞుడు అనలేం. జ్ఞురాలు అని మార్చాలి. ‘వేత్త’ ఆమెకూ, సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బరో దొరకూ ఒకేలా అతుకుతుంది.