కాకినాడ దగ్గర "రాతి కొన, పాత లైట్‌హౌస్‌లు" ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఒక్కసారి చదవండి

వాట్సాప్ గ్రూపుల్లో ఒకరోజు టూర్ ప్యాకేజీ ఒకటి తిరుగుతోంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి కొన, బ్రిటిష్ కాలం నాటి రెండు లైట్‌హౌస్‌లు ఎక్కడం, హోప్ ఐలాండ్‌కి బోటు, మధ్యాహ్నం భోజనం, అన్నీ కలిపి మనిషికి 1,800 రూపాయలు. హైదరాబాద్‌లో ఉండే మా చిన్నాన్న వాళ్ళు బయల్దేరే ముందే మాక్కూడా కలిపి కట్టేశారు. మేం అమలాపురంలో వ్యాన్ ఎక్కాం. మీలో ఎవరికైనా ఆ పాంప్లెట్ వచ్చి ఉంటే దయచేసి కట్టకండి.

అందులో ఫోటో భలే ఉంటుంది లెండి. నల్లటి బండ, దాని మీద నలుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్, కింద నురగ. కానీ మన డెల్టాలో బండ ఎక్కడిదండీ? ఇదంతా గోదారి మోసుకొచ్చి పోసిన ఒండ్రు. కోనసీమలో ఇంటి పునాదికి రాయి కావాలన్నా మెట్ట నుంచి లారీ రావాల్సిందే. 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు రాయి ధవళేశ్వరం కొండలో తీశారు. అది దాటి కిందికి దిగితే సముద్రం దాకా పలకలా చదును. వ్యాన్‌లోనే మా తమ్ముడు ఆ ఫోటోని గూగుల్ లెన్స్‌లో పెట్టాడు. కర్ణాటకలో ఉడిపి దగ్గర కాపు లైట్‌హౌస్ అట, 1901లో కట్టింది.

ముందు వాకలపూడి లైట్‌హౌస్‌కి తీసుకెళ్ళారు. గేటు మూసి ఉంది. లోపలికి ఏ వేళల్లో వదులుతారో ముందుగా కనుక్కున్న పాపాన పోలేదు. బయట నిలబడి సెల్ఫీ దిగమన్నారు. అక్కడి నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు. ఒకచోట వ్యాన్ ఆపి, "ఆయ్, ఇదేనండి రాక్ పాయింటు" అన్నాడు వాళ్ళ గైడు. చూస్తే, సముద్రం రోడ్డుని కోసేయకుండా అడ్డం పోసిన రాళ్ళ గుట్ట! రాళ్ళ సందుల్లో చిరిగిన సంచి గుడ్డలు, చిప్స్ ప్యాకెట్లు, ఒక ఒంటి చెప్పు. మా చిన్నమ్మ కాసేపు ఆ రాళ్ళని, కాసేపు గైడునీ చూసి, "దీనికోసమా నాయనా, నాలుగింటికి లేపారు?" అంది. ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు, జీతగాడు.

ఇంతవరకూ అయితే డబ్బు పోయిందని ఊరుకునేవాళ్ళం. అసలు చెప్పాల్సింది బోటు సంగతి. హోప్ ఐలాండ్ కోరింగ అభయారణ్యం పరిధిలోది, అటవీశాఖ అనుమతి లేకుండా దిగడానికి లేదు. పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. అనుమతి కాగితం చూపించమంటే ఫోన్ ఇంకొకరికి, అక్కడి నుంచి మరొకరికి ఇచ్చారు. చివరికి, "ఇబ్బంది లేదండి, చేపల బోటులో అటు పక్కనుంచి తీసుకెళ్ళిపోతాం" అన్నారు. లైఫ్ జాకెట్లు మా అందరికీ సరిపడా లేవు. ఉన్నవాటికి కట్టుకునే పట్టీలు తెగిపోయి ఉన్నాయి. పిల్లలున్నారు, మేం ఎక్కం అని చెప్పేశాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు బోల్తా పడి ఎంతమంది పోయారో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

గోదారి సముద్రంలో కలిసే మొగల దగ్గర నీళ్ళ కింద ఇసుక మెరకలుంటాయి, పైకి కనపడవు. 1867లో సాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌకే అలా మెరకెక్కి విరిగిపోయింది. ఆ పేరుతో ఇటువైపు లైట్‌హౌస్ కూడా ఉంది. తీరం చదును కాబట్టి దూరం నుంచి ఓడకి నేల ఆనదు, అందుకే మన దగ్గర ఇసుక మీదే అంతెత్తు కట్టాల్సి వచ్చింది. నన్నడిగితే ఉన్నదున్నట్టు ఈ కథ చెప్పి చూపించినా జనం సంతోషంగా వస్తారు, పక్క రాష్ట్రం ఫోటో దొంగిలించాల్సిన పనేముంది?

రాతి కొన మీద లైట్‌హౌసే కావాలంటే విశాఖలో డాల్ఫిన్స్ నోస్ ఉంది, నేరుగా అక్కడికే వెళ్ళండి. మన దగ్గర చూడాలంటే అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళొచ్చు. కోరింగలో అటవీశాఖ వాళ్ళ చెక్క వంతెన మీద మడ అడవిలో నడవొచ్చు. వీటికి ఏ ఏజెంటూ అక్కర్లేదు.

ఎవరైనా హోప్ ఐలాండ్ అంటే ముందు అనుమతి కాగితం వాట్సాప్‌లో పంపమనండి. "అక్కడికొచ్చాక చూపిస్తాం" అంటే వదిలేయండి. అడ్వాన్సు మనిషి పేరున్న ఫోన్‌పే నంబరుకి అడిగితే సంస్థ పేరుతో రసీదు ఇమ్మనండి. మాకు రసీదు బదులు బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

బోటు తాలూకు డబ్బు తిరిగి ఇస్తామన్నారు, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం. అది తేలేదాకా వాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఇదే ప్యాకేజీకి ఇప్పటికే కట్టినవాళ్ళుంటే ఆ పాంప్లెట్, చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరపకుండా దాచుకోండి, ఫిర్యాదు చేసేటప్పుడు అవే అడుగుతున్నారు.