తేనెటీగల పెట్టెలు, నాటుకోడి పిల్లలు కలిపి ప్యాకేజీగా కొంటున్నారా? ముందు ఇది చదవండి

పొలం గట్టున పెట్టెలు పెట్టండి, పక్కన కోడిపిల్లల్ని వదలండి, తేనె, గుడ్లు ఇంట్లోకే వచ్చేస్తాయి అంటూ వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు తిప్పుతున్నారు కదా, వాళ్లలో ఒకరి దగ్గర మేం కొన్నాం. పేరు రాయట్లేదు, వాళ్లెలాగూ పేర్లు మారుస్తూనే ఉన్నారు, పద్ధతి తెలిస్తే చాలు.

పెట్టెలు రాత్రిపూట దించారు. తేనెటీగల్ని రాత్రే తరలించాలి, అది నిజమే, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ దించినతను "బెదిరిపోయి ఉన్నాయి సార్, పది రోజులు మూత తీయొద్దు" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. అసలు మతలబు అక్కడే ఉంది. మా బావ చాన్నాళ్లుగా ఈగల్ని పెంచుతున్నాడు, ఆ మాట వినగానే తెల్లారి దగ్గరుండి మూత తీయించాడు. ఫ్రేముల (తుట్టె కట్టే చట్రాల) మీద ఈగలైతే ఉన్నాయి గానీ, ఒక్కో గదిలో రెండేసి మూడేసి గుడ్లు, అవీ గోడలకు అతుక్కుని. మూసిన గదులేమో ఉబ్బెత్తుగా. రాణి ఈగ ఉంటే గది అడుగున ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఇలా ఉందంటే రాణి లేదు, కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయి, వాటిలోంచి వచ్చేవన్నీ పోతు ఈగలే, అవి తేనె తేవు, ఆ పెట్టె ఇక తేనె ఇచ్చేది కాదు.

అమ్మినతనికి ఫోన్ చేస్తే "మీ దగ్గరికొచ్చాకే రాణి చచ్చిపోయింది, పొలంలో ఏదో మందు కొట్టుంటారు" అన్నాడు. ఇలా అంటే ఒప్పుకోకండి. గుడ్డు 3 రోజులకు పురుగవుతుంది, ఇంకో 5, 6 రోజులకు గది మూసుకుంటుంది. నిన్నటిదాకా రాణి ఉండుంటే మామూలు గుడ్లు, పురుగులు కనిపించి తీరాలి. కూలి ఈగలు గుడ్లకు దిగడం ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, రాణి పోయి వారాలు గడవాలి. అంటే తెలిసే అంటగట్టారు. కొత్త రాణిని పెడదామన్నా అలాంటి గుంపు చాలాసార్లు చంపేస్తుంది.

కోడిపిల్లల సంగతి ఇంకా ఘోరం. నాటువి అని పంపినవన్నీ ఒకే రంగు, పెరిగాక చూస్తే ఒక్క పెట్ట లేదు, అన్నీ బక్కపలచటి పుంజులే. గుడ్ల ఫారాలకు పుంజులతో పనుండదు, హేచరీలు చవగ్గా వదిలించుకుంటాయి, అవే మన దగ్గర నాటు పేరుతో తిరుగుతున్నాయి. మన ఊళ్లో పొదిగిన పిల్లలైతే కాకి, డేగ, నెమలి, సేతువ అని తలా ఓ రంగులో తేలతాయి కదా. పైగా ఒక్కరోజు పిల్లలకు "అన్ని టీకాలూ అయిపోయాయి" అన్నాడు! మొదటి రోజు మామూలుగా వేసేది మారెక్స్ జబ్బు టీకా ఒక్కటే, కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు 5 నుంచి 7 రోజుల మధ్య, గంబోరో జబ్బు టీకా దాదాపు 14వ రోజున. ఆ మాట నమ్మి ఊరుకుంటే షెడ్డు ఖాళీ అవుతుంది. పెరటి కోళ్లే కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని ఇస్తుంది, ముందుగా బుక్ చేసుకోవాలి, కాస్త ఓపిక పట్టాలి అంతే.

ఈగలు కొనేవాళ్లు పగటిపూట వాళ్ల దగ్గరికే వెళ్లి, ఫ్రేము ఎత్తించి, రాణిని లేదా ఒంటి గుడ్లని కళ్లారా చూశాకే మిగతా డబ్బు కట్టండి. "ఎండలో తీయకూడదు" అంటే చల్లబడ్డాక తీయమనండి, ఇంకా నసిగితే వచ్చేయండి.

మాకు డబ్బు వెనక్కి రాలేదు, నంబరు బ్లాక్ చేశాడు. అదే వీడియో ఇప్పుడు వేరే పేరుతో మళ్లీ తిరుగుతోంది, వెనక నీలం రేకుల షెడ్డు, పక్కన పాత ట్రాక్టర్ ట్రాలీ కనిపిస్తే అదే బ్యాచ్. అడ్వాన్స్ పంపినవాళ్లు ఉంటే స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మేం కంప్లయింట్ ఇచ్చాం.