పెన్‌డ్రైవ్ నుంచి ‘ఫుల్ వెర్షన్’ ఎక్కించుకోబోయే వాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇంట్లో కంప్యూటర్ మీద పాటలు రికార్డు చేసుకుందామని నెల్లూరుకో ఒంగోలుకో బయల్దేరుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షాపువాడు ఎక్కించిన దొంగ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వల్ల నాకు పోయింది 4,500 రూపాయలు, పదకొండు పాటలు. డబ్బుదేముంది, నాలుగు మోటార్లు చుడితే వస్తుంది. పాటల సంగతే చెప్పాలి.

మాది కావలి. పగలు మోటార్ వైండింగ్ షాపు, సాయంత్రమైతే హార్మోనియం. ఉదయగిరి వైపు పల్లెలో మా పెద్దమ్మ ఉంది. డెబ్బై దాటింది. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, నాట్లప్పుడు పాడుకునేవి ఆమెకు వచ్చినన్ని మా వైపు ఇంకెవరికీ రావు. ఆమె గొంతు ఒక ట్రాకులో, నా హార్మోనియం ఒకదాంట్లో, డోలక్, చిడతలు, మా ఇంటి ఆడపిల్లల వంతపాట దేనికది విడిగా తీసుకుంటే, ఎవరు తప్పితే వాళ్లది మాత్రమే మళ్లీ తీసుకోవచ్చు. ఫోన్‌లో తీస్తే పక్కన పిల్ల దగ్గినా పాటంతా మొదటి నుంచీ పాడాల్సిందే. ఆ వయసులో ఆమెను ఎన్నిసార్లని పాడిస్తాం?

మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కోసం నెల్లూరులో ఒక షాపుకు వెళ్లాను. అక్కడి కుర్రాడు డబ్బా చేతిలో పెట్టి, “సాఫ్ట్‌వేర్ ఏం వాడతావన్నా?” అన్నాడు. తెలీదన్నాను. అదే నేను చేసిన తప్పు. “కంపెనీ దగ్గర కొంటే నలభై వేలు పెట్టాల. నేను నాలుగున్నరకి ఫుల్ వెర్షన్ వేసిస్తా. లైఫ్‌టైమ్,” అన్నాడు. నా కళ్ల ముందే ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ ఆపాడు, వైఫై తీసేశాడు, పెన్‌డ్రైవ్ గుచ్చాడు. “ఇంక దీన్ని ఎప్పుడూ అప్‌డేట్ కొట్టొద్దన్నా. యాంటీవైరస్ ఆన్ చేయొద్దు, చేస్తే ఫైలు లేపేస్తది. ఏదన్నా అయితే నేనుండాగా.” బిల్లు అడిగితే ఇంటర్‌ఫేస్‌కు మాత్రమే ఇచ్చాడు. మిగతా దానికి ‘సర్వీస్ చార్జీ’ అని చిన్న చీటీ.

రాగి అని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అంటగట్టేవాళ్లను ఇరవై ఏళ్లుగా పట్టుకుంటున్నవాణ్ణి నేను. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. ఇక్కడ మాత్రం గీకి చూడాలని తోచలేదు.

మొదటి దెబ్బ మొదటి రోజే తగిలింది. పెద్దమ్మకు హెడ్‌ఫోన్ పెట్టి పాడమన్నాను. రెండు చరణాలు కాకముందే తీసి పక్కన పెట్టేసింది. “ఎవుర్రా అది, నా వెనకాలే పాడతా ఉండాది?” అంది. వెనకాల పాడుతున్నది ఆమే. మైకులోకి వెళ్లిన గొంతు కంప్యూటర్ చుట్టూ తిరిగి ఆలస్యంగా చెవికి చేరుతోంది. కుర్రాడికి ఫోన్ చేస్తే “ర్యామ్ సరిపోదన్నా, ఇంకో 8 జీబీ వేయించు,” అన్నాడు. ర్యామ్‌కూ దీనికీ సంబంధం లేదని తర్వాత తెలిసింది. విండోస్‌లో రికార్డింగ్‌కు ఏసియో డ్రైవర్ వాడాలి, గొంతును ఆలస్యం లేకుండా చేరవేసే చిన్న ప్రోగ్రాం అది. ఇంటర్‌ఫేస్ కంపెనీ సైటులో అది ఉచితంగానే దొరుకుతుంది. వాడు అది ఎక్కించకుండా మామూలు విండోస్ డ్రైవర్ మీదే వదిలేశాడు. సెట్టింగుల్లో బఫర్ అని ఉంటుంది, శబ్దం ఎంత పోగయ్యాక ముందుకు పంపాలో చెప్పేది. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దపు ముక్కల) లెక్కన బఫర్ 1024 ఉంటే ఒక్క వైపుకే సుమారు 23 మిల్లీసెకన్లు పడుతుంది, 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లు. పాడేటప్పుడు తగ్గించుకోవాలి, తర్వాత ట్రాకులన్నీ కలిపే మిక్సింగ్‌లో పెంచుకోవాలి. ఇంతే విషయం. దీనికి నన్ను ర్యామ్ కొనమన్నాడు.

ఆ రోజు తెలీక, ఆమెకు హెడ్‌ఫోన్ లేకుండానే ముందు గొంతు తీసుకుని, దాని మీద మిగతావన్నీ ఎక్కించాను. శని, ఆదివారాలు కూర్చుని మూడు వారాల్లో పదకొండు పాటలు పూర్తిచేశాం.

నాలుగో సోమవారం ల్యాప్‌టాప్ తెరిస్తే ప్రతి ఫైలు పేరు చివరా అర్థంపర్థం లేని నాలుగు అక్షరాలు అతుక్కుని ఉన్నాయి. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో ఇంగ్లీషులో ఒక టెక్స్ట్ ఫైలు: మీ ఫైళ్లకు తాళం వేశాం, తాళంచెవి కావాలంటే ఇన్ని డాలర్లు కట్టండి అని. దీన్నే రాన్సమ్‌వేర్ అంటారు. ఇలాంటి క్రాక్ ఫైళ్ల (లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీల) వెంట ఇది వస్తుంటుంది. కాపలా కుక్కను మనమే కట్టేసి తలుపు తీసి పెట్టాక ఇంకేం మిగులుతుంది! డబ్బు కట్టలేదు. కట్టినా ఫైళ్లు వస్తాయని నమ్మకమేమీ లేదు. కుర్రాడు చెప్పిన సమాధానం మాత్రం వినండి: “నువ్వు నెట్ ఆన్ చేసుంటావన్నా.”

లెక్క వేసుకుంటే ఇంకా బాధ. నేను పెట్టుకున్న నాణ్యతలో, అంటే 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో మోనో ట్రాకు నిమిషానికి 8 ఎంబీ దాకా అవుతుంది. నా పదకొండు పాటలూ, ఒక్కోటి నాలుగు నిమిషాలు, ఆరేసి ట్రాకులు, అన్నీ కలిపి రెండు జీబీల చిల్లర. చిన్న పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టి బీరువాలో పడేసి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

ఇంకో సంగతి ఆ తర్వాతే బయటపడింది. చాలా ఇంటర్‌ఫేస్‌లతో పాటు అసలైన సాఫ్ట్‌వేర్ తేలిక వెర్షన్, క్యూబేస్ ఎల్ఈ గానీ ఏబుల్టన్ లైవ్ లైట్ గానీ, ఉచితంగా ఇస్తారు. డబ్బాలో కోడు ఉన్న కాగితమో, సీరియల్ నంబరుతో రిజిస్టర్ చేసుకునే వీలో ఉంటుంది. నా డబ్బాను షాపులో ‘టెస్టింగ్’ అని ముందే విప్పారు. నా సీరియల్ నంబరు కొట్టి చూస్తే ఆల్‌రెడీ రిజిస్టర్ అయిందని వచ్చింది. అంటే నాకు హక్కుగా రావాల్సింది ఎవరో వాడుకున్నారు, దొంగది నాకు అమ్మారు. సీలు విప్పిన డబ్బా తీసుకోకండి. మీ చేత్తోనే విప్పండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ చేతిలో ఉన్నది సర్వీస్ చార్జీ చీటీ. పైగా 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే వాడినవాడికే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ‘నలభై వేలది నాలుగున్నరకు’ అని విన్నాక నాకు తెలీదు అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఇప్పుడు నేను వాడుతున్నది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఇన్‌స్టాలర్ పాతిక ఎంబీ కూడా ఉండదు. 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు. నచ్చితే సొంతానికి వాడుకునే లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బుల్లో ఐదు వేల పైచిలుకు. అంటే దొంగదానికి నేను పెట్టిన దానికి కాస్త ఎక్కువ, అంతే. మొదట్లో చూడగానే బెదురు పుడుతుంది, ఆ మెనూలు అన్నీ ఇన్నీ కావు. వారం ఓపిక పడితే అలవాటవుతుంది. రూపాయి పెట్టలేమంటే ఆడాసిటీ పూర్తిగా ఉచితం, గొంతు మీద గొంతు ఎక్కించుకునే మామూలు పనికి చాలు. కాకపోతే మనం దించుకునే ఆడాసిటీలో చాలాకాలం ఏసియో ఉండేది కాదు, లైసెన్సు చిక్కుల వల్ల. ప్రో టూల్స్ ఇంట్రో కూడా ఉచితమే, ఎనిమిది ఆడియో ట్రాకులు ఇస్తుంది. మా ఆరు ట్రాకులకు అదీ సరిపోయేది. మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఉంది. ఏదైనా సరే కంపెనీ సొంత సైటు నుంచే దించుకోండి. యాంటీవైరస్ ఆపమని చెప్పే చోట మాత్రం ఆగకుండా లేచి వచ్చేయండి.

పెద్దమ్మతో మళ్లీ పాడిద్దామంటే ఈలోగా ఆమెకు ముందు పళ్లు మూడు తీశారు. ‘స’ అన్నప్పుడల్లా ఈల వస్తోంది, ఆమే నవ్వేసి ఆపేస్తోంది. వచ్చే నెల మొదట్లో పళ్ల సెట్టు పెడతారట. నా 60 రోజుల్లో ఇంకా 41 మిగిలాయి.